స్పీకర్ డాక్టరు చెవి

మా అక్క మొగుణ్ణి బజారులో అందరూ స్పీకర్ డాక్టరు అంటారు. నేను బావ అంటాను. అక్క మనదైతే బావ మనవాడా అని సామెత ఉంది గానీ, నా విషయంలో అది పనికిరాదు. పని నేర్చుకుంటానని ఒక్క వారానికి ఆయన షాపుకి వెళ్లాను. పంతొమ్మిదేళ్లయింది, ఇంకా అక్కడే ఉన్నాను. పని మాత్రం రాలేదు. కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లాడటం, చీటీ రాసి స్పీకరు డబ్బాకి అంటించడం, టీ తెప్పించడం నా వంతు. మిగతాదంతా బావదే.

చిరిగిపోయిన స్పీకరు బల్ల మీదికి వస్తే పాత కాగితాన్ని బ్లేడుతో చుట్టూ కోసి తీసేస్తాడు. అయస్కాంతం మధ్య సందులో ఇరుక్కున్న మసిని టేపు ముక్కతో అద్ది అద్ది తీస్తాడు. వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్ని ఆ సందులో నిలబెట్టి, అటూ ఇటూ కదలకుండా పాత ఫోటో ఫిల్ము ముక్కలు దూర్చి, కొత్త కాగితం అతికిస్తాడు. జిగురు ఆరేదాకా ఆ చుట్టుపక్కల ఎవరూ గట్టిగా నడవకూడదు. ఒకసారి నేను బల్ల పక్కన తుమ్మాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

అయితే ఆయనకి పేరు తెచ్చింది చేతులు కాదు, చెవి. బాగుచేసిన స్పీకరుని బిగించి పాట పెట్టి, తల కొంచెం వంచి, కళ్లు మూసుకుని, "కుడివైపు జిగురు ఇంకా తడిగా ఉంది" అనేవాడు. వేలు పెట్టి చూస్తే నిజంగానే తడి తగిలేది. బస్సుల వాళ్లూ, బడుల వాళ్లూ, రెండు రికార్డింగు స్టూడియోల వాళ్లూ ఆ చెవి కోసమే మా ఇరుకు సందులోకి వచ్చేవాళ్లు.

ఖరీదైన స్పీకర్ల మాట ఎత్తితే మాత్రం ఆయనకి ఎక్కడ లేని కోపం వచ్చేది. "పైన పటారం, లోన లొటారం! ఒక మెట్టు దాకా పెట్టిన డబ్బు శబ్దంలోకి వెళ్తుంది. ఆ పైన పెట్టేదంతా చెక్క పాలిషుకీ, పక్కింటివాణ్ణి ఏడిపించడానికీ" అనేవాడు. ఎవరు అడిగినా ఇదే మాట, అడగకపోయినా ఇదే మాట.

ఈ మాట ఒప్పుకోని మనిషి ఒక్కతే, ఆయన కన్నకూతురు. నా మేనకోడలు ఆ షాపు బల్ల కిందే పెరిగింది. కాయిలు చుట్లు లెక్కపెడుతూ అంకెలు నేర్చుకుంది. పెద్దయ్యాక పోయి పోయి పెద్ద రోడ్డు మీదున్న అద్దాల షోరూములో చేరింది. అక్కడ అమ్మేది సరిగ్గా బావ తిట్టే సరుకు. రోజూ అన్నం ముందు యుద్ధమే.

"నాన్నా, నువ్వు వాటిని ఒక్కసారైనా సరిగ్గా విన్నావా?"

"ఎన్ని బాగుచెయ్యలేదు?"

"అవి చచ్చిపోయాక నీ దగ్గరికొచ్చాయి. బతికుండగా విన్నావా అని అడుగుతున్నా."

"డబ్బాల గొడవ తర్వాత, ముందు మింగండి" అని అక్క కూర గిన్నె మధ్యలో ఠంగుమని పెట్టేది. నేను ఎవరి పక్కా తీసుకోకుండా తినేవాణ్ణి. నాకు తెలిసిన సంగతి బయటికి రాకుండా ఉండాలంటే నోట్లో అన్నం ఉండటమే మంచిది.

ఆ సంగతి ఇది. రెండేళ్ల కిందట ఒకాయన ఒక డబ్బా తెచ్చి, "కూత పెడుతోందండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాడు. బావ పాట పెట్టాడు. సన్నగా, సూదిలా ఒక కూత. నేను కౌంటరు దగ్గరే చెవులు మూసుకున్నాను. బావ తల వంచి విని, "ఏముంది ఇందులో? శుభ్రంగా ఉంది" అన్నాడు. డబ్బా తెచ్చినాయన వెర్రిమొహం వేసుకుని నావైపు చూశాడు. ఏదో సర్ది పంపించాను. అతను వెళ్లగానే మిట్టమధ్యాహ్నం బావ షట్టరు సగం దించాడు.

"నిజం చెప్పు. కూత ఉందా?"

"ఉంది బావా."

చెవి డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. నేను గాజు ఇవతల కూర్చుని చూస్తున్నాను. మొదట్లో గబగబా నొక్కాడు. తర్వాత ఆ పరీక్ష చేసే అమ్మాయి ఒక్కో మీట తిప్పి ఎదురుచూడటం, ఈయన బటన్ మీద బొటనవేలు పెట్టుకుని ఎదురుచూడటం. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు అలా చాలాసేపు కూర్చున్నారు. మామూలు మాటలూ, డోలు లాంటి మోత శబ్దాలూ బాగానే వినిపిస్తాయట. సన్నటి శబ్దాలు మాత్రం రెండు చెవుల్లోనూ పోయాయి, తిరిగి రావన్నారు.

ఆ రోజు నుంచి ఆయన చెవి నేనే. పాట పెట్టినప్పుడు కౌంటరు దగ్గర నేను ఒకసారి దగ్గితే బాగున్నట్టు, రెండుసార్లు దగ్గితే ఏదో తేడా ఉన్నట్టు. నా దగ్గు చూసి అక్క మిరియాల కషాయం కాచి పోసేది. తాగేవాణ్ణి, ఏం చేస్తాను? బజారుకి ఈ సంగతి తెలిస్తే షాపుకి తాళమే. బావ దానికి కూడా అంత భయపడలేదు. "దానికి తెలియకూడదు రా" అనేవాడు. అది అంటే కూతురు. "దానికి నేను ముందు చెవిని, తర్వాతే నాన్నని."

నేనూ మంచివాణ్ణేం కాదు. ఒకసారి ఏదో కోపంలో, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో, అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఇలా నడుస్తుండగా ఒక గురువారం అన్నం దగ్గర నా మేనకోడలు పిల్ల బాంబు వేసింది.

"నాన్నా, శనివారం పదకొండింటికి నువ్వు మా షోరూముకి రావాలి."

ఒక పెద్దాయన, రిటైరైన కంటి డాక్టరు, షోరూములోకెల్లా పెద్ద స్పీకర్ల జత చూసుకున్నాడట. ఆ ధరకి మా వీధిలో రెండు గదుల ఇల్లు వస్తుంది. కొనడానికి అంతా సిద్ధమే గానీ ఒక్క షరతు పెట్టాడు. ఎప్పుడో ఆయన పాత డబ్బాలు బావ బాగుచేశాడు. స్పీకర్ డాక్టరు వచ్చి విని, ఇవి ఈ ధరకి తగినవే అంటేనే కొంటాడట. ఆ స్పీకర్ డాక్టరు మా నాన్నే అని పిల్ల చెప్పిందట. "ఇంకా మంచిది, ఆయన కూతురి కోసం కూడా అబద్ధమాడే మనిషి కాదు" అన్నాడట ఆయన.

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "నేను రాను" అన్నాడు.

"ఎందుకు? తిట్టడానికైనా రా. ఇన్నాళ్లూ వినకుండా తిట్టావు, ఈసారి విని తిట్టు." దాని గొంతులో వెటకారం లేదు. బతిమాలుతోంది. "బాగాలేవంటే బాగాలేవనే చెప్పు నాన్నా. నువ్వు చెప్తే నేను నమ్ముతా."

ఇంకేం చెప్తాడు? సరే అన్నాడు. నాకు గొంతులో మెతుకు అడ్డం పడి దగ్గొచ్చింది. అక్క కషాయం కోసం లేచింది.

శుక్రవారం షాపులో పని జరగలేదు. బావ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. షోరూములో దగ్గితే బాగోదు, కాబట్టి పక్కనే కూర్చుని ఆయన మోకాలి మీద తట్టాలి. అంతా బాగుంటే ఒకటి, ఏదైనా తేడా ఉంటే రెండు.

"నాకేం తెలుస్తుంది బావా? అది పెద్ద పెద్దవాళ్లు వినే సరుకు."

"అన్నంలో ఉప్పు తగ్గితే వంట రానివాడికి కూడా తెలుస్తుంది రా. ఏదో తగ్గిందనిపిస్తే రెండు తట్టు. ఏం తగ్గిందో నేను చూసుకుంటా."

"పిల్లకి చెప్పేద్దాం బావా. ఎన్నాళ్లిలా?"

ఆయన బ్లేడు తీసి ఒక పాత కాగితం కోయడం మొదలుపెట్టాడు. అదే జవాబు.

శనివారం మేము వెళ్లేసరికే ఆ కంటి డాక్టరు వచ్చి కూర్చున్నాడు. చెప్పిన సమయానికంటే అరగంట ముందే వచ్చాడట. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. పక్కన మేనేజరు టై కట్టుకుని, ఎవరైనా తుమ్మితే చిరంజీవ అనేట్టు వంగి నిలబడ్డాడు. ఇక ఆ గది చూడాలి. కింద కాలు మునిగే తివాచీ, గోడలకి మెత్తటి గుడ్డ, మందపాటి తలుపు. మాట్లాడితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎదురుగా బావ భుజాలంత ఎత్తున రెండు నల్లటి డబ్బాలు నిలబడి ఉన్నాయి. వాటి పాలిషులో మా మొహాలు కనిపిస్తున్నాయి.

కోడలు పిల్ల ఒక డబ్బా వెనక నుంచి మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చింది. లేచి దులుపుకుని నా చెవిలో అంది, "మామయ్యా, తీగలు ఇప్పుడే కలిపా. ఒక్కసారి విని చూద్దామంటే ఆయన ముందే వచ్చేశారు."

ఆ తీగలు చూశాను. బొటనవేలంత లావు, గాజులా పారదర్శకం. మా షాపులో అయితే ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఇక్కడ రెండూ ఒకలాగే ఉన్నాయి, ఒకదాని మీద మాత్రం వెంట్రుకంత గీత. డబ్బున్నవాళ్ల తీగలు కూడా ఒక పట్టాన గుట్టు చెప్పవు.

పాట మొదలైంది. ఒకావిడ పాడుతోంది, వెనక గిటారు, ఇంకా వెనక సన్నటి లోహపు గలగల. నాకు బాగానే ఉన్నట్టుంది. ఒకటి తట్టుదామని చెయ్యి జరిపాను. అంతలో బావే నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

"తీగ తిరగబడింది" అన్నాడు, పెదవులు కదలకుండా.

ఇది మా పనిలో ప్రతి ఒక్కరూ ఒకసారైనా చేసే తప్పు. ఒక డబ్బాకి తీగలు తారుమారు చేస్తే, ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాక్కుంటుంది. ఒకదాని మోతని ఇంకొకటి తినేస్తుంది. పాడే మనిషి రెండింటి నడుమ నిలబడకుండా గదంతా చెదిరిపోతుంది. ఇది సన్న శబ్దాల గొడవ కాదు కాబట్టి బావ చెవికి దొరికింది. నేను కోడలు మొహం చూశాను. రక్తం లేదు. దానికి మొదటి మాటకే తెలిసిపోయిందని ఆ మొహమే చెప్తోంది. మేనేజరు పక్కనుండగా నోరెలా తెరుస్తుంది? ఇంటి ధర సరుకుకి తీగలు తప్పు కలిపినమ్మాయిని ఆ టై మనిషి సోమవారం దాకా ఉంచుతాడా?

కంటి డాక్టరు కళ్లు మూసుకుని వింటున్నాడు. బావ లేచాడు.

"ఆపండి. గదిలో మనుషులు ఎక్కువయ్యారు. బట్టలు శబ్దాన్ని తాగేస్తాయి. నన్ను రెండు నిమిషాలు వదిలెయ్యండి, ఒక్కణ్ణే వింటా. మా బావమరిది తలుపు దగ్గర ఉంటాడు."

మేనేజరు ఏదో అనబోయాడు. కంటి డాక్టరు అడ్డుపడ్డాడు. "కన్ను చూసేటప్పుడు నేనూ బంధువుల్ని బయటికి పంపేవాణ్ణి. పదండి."

తలుపు మూసుకోగానే బావ ఎడమ డబ్బా వెనక్కి దూరాడు. నేను తలుపుకున్న చిన్న అద్దంలోంచి కాపలా. బయట మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. "తొందరగా బావా" అంటే, "మన డబ్బాలకి రెండు మరలు, దీనికి నాలుగున్నాయి రా, మధ్యలో ఏవో రేకులు" అని గొణిగాడు. మేనేజరు ఒక అడుగు ముందుకేశాడు. "వస్తున్నాడు!" అన్నాను. బావ మరలు బిగించేసి, తేలు కుట్టిన దొంగలా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరి ఇంకా ఎగశ్వాసే.

అందరూ లోపలికొచ్చాక మళ్లీ పాట. ఈసారి ఆవిడ వచ్చి సరిగ్గా రెండు డబ్బాల నడుమ నిలబడింది. గిటారు మోత నా పొట్టలో తగిలింది. బావ మొహం చూడాలి అప్పుడు! రెండేళ్ల తర్వాత ఒక తప్పుని తన చెవితో తనే పట్టుకున్నాడు, తన చేత్తో తనే సరిచేశాడు. పెళ్లిలో అక్క పక్కన కూర్చున్నప్పుడు చూశాను ఆ వెలుగు, మళ్లీ ఇప్పుడే.

ఆ వెలుగే నా కొంప ముంచింది. ఎందుకంటే నాకు ఎడమవైపు ఏదో వెలితిగా అనిపించింది. ఆ డబ్బా మీద ఎవరో దుప్పటి కప్పినట్టుగా ఉంది. రెండు తట్టాలి. కానీ ఆయన అంత సంతోషంగా ఉన్నాడు, నాకా పాట గురించి ఓనమాలు రావు, పైగా అంత ఖరీదు సరుకు. నాకే ఏదో తప్పుగా వినిపిస్తోందనుకున్నాను. ఒక్కటే తట్టాను.

"అబ్బ! ఇప్పుడు ప్రాణం వచ్చింది" అన్నాడు కంటి డాక్టరు. "డాక్టరు గారూ, ఎలా ఉంది?"

"ఇప్పుడు సరిగ్గా ఉందండీ. రెండు డబ్బాలూ ఒక్క గొంతుతో పలుకుతున్నాయి."

మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు.

"అయితే ఈ ధరకి తగినవేనా? ఒక్క మాట చెప్పండి, కొనేస్తా."

బావ నోరు తెరిచాడు. అంతలో తల పక్కకి తిప్పాడు. ఆయన చూపు ఎటుందా అని నేనూ అటే చూశాను. కోడలు పిల్ల గోడ దగ్గర నిలబడి ఎడమ చెవిలో వేలు పెట్టి కదుపుతోంది. తీసింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. కుడి చెవిలో వేలు పెట్టి చూసింది. చెవిలో నీళ్లు పోయినవాళ్లు చేసేట్టు తల విదిలించింది.

"ఏమ్మా?" అన్నాడు బావ.

"ఏం లేదు నాన్నా. నా చెవికే ఏదో అయింది. జలుబేమో."

పాట నడుస్తూనే ఉంది. మేనేజరు పెన్ను పట్టుకుని బావ నోటికేసి చూస్తున్నాడు. అవును అనే ఒక్క మాటతో అందరూ గట్టెక్కుతారు. పిల్ల ఉద్యోగం, బావ పేరు, నా పంతొమ్మిదేళ్ల కౌంటరు, అన్నీ. పిల్ల కూడా తన చెవిదే తప్పని ఒప్పేసుకుంది, ఇంకెవరికీ అనుమానం లేదు. ఆ మాట అనెయ్యి బావా అని లోపల్లోపల మొక్కుకున్నాను.

ఆయన నావైపు తిరిగాడు.

"ఒరేయ్, ఎన్ని తట్టావు?"

అందరి ముందూ అడుగుతాడని కలలో కూడా అనుకోలేదు. "ఒకటి."

"ఎన్ని తట్టాల్సింది?"

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాను. రాలేదు. "రెండు బావా."

బావ తల ఊపి కూతురి వైపు తిరిగాడు. "జలుబు కాదమ్మా. ఏం తగ్గిందో చెప్పు."

అది మేనేజరుని చూసింది, కంటి డాక్టరుని చూసింది. "ఎడమ డబ్బాలో సన్న గొంతు లేదు నాన్నా" అంది. "తగ్గడం కాదు. అసలే లేదు."

"వెళ్లి చూడు."

అది డబ్బా వెనక్కి వెళ్లి తివాచీలో వేళ్లతో వెతికి, గోరంత బంగారు రంగు రేకు ఒకటి తీసింది. పైన చిన్న స్పీకరుకి రెండు మరలు, కింద పెద్దదానికి రెండు మరలు, ఆ రెండు జతల్నీ కలిపేవి ఇలాంటి రెండు రేకులు. బావ తొందరలో తీగలు మార్చినప్పుడు ఒకటి జారిపోయింది. సన్న గొంతు పలికించే ఆ పై స్పీకరు అప్పట్నుంచీ మూగదే. పిల్ల రేకు పెట్టి మర బిగించగానే ఎడమవైపు గలగలమంటూ వెలుగొచ్చింది. నాలాంటి మొద్దుకి కూడా ఒళ్లు జలదరించింది.

బావ మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆయన చూస్తున్నది కంటి డాక్టరు మొహం. అక్కడా ఏ మార్పూ లేదు.

"అయ్యా" అన్నాడు బావ లేచి నిలబడి. "ఆ రేకు జారింది నా చేతిలోంచి. జారినా నాకు తెలియలేదు. మళ్లీ పెట్టినా తెలియలేదు. సన్న శబ్దాలు నాకు వినపడక రెండేళ్లయింది. మా వాడు మోకాలు తడితే విన్నట్టు చెప్తున్నా. మీరు నా చెవిని నమ్మి పిలిచారు, ఆ చెవి లేదు."

కోడలు పిల్ల రేకు పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుంది.

కంటి డాక్టరు కుర్చీలో ముందుకి జరిగాడు. తర్వాత, "అమ్మాయ్, అది ఒకసారి తీసి, మళ్లీ పెట్టు" అన్నాడు. "నేను కళ్లు మూసుకుంటా. తేడా వినపడితే చెయ్యెత్తుతా." తీసింది, పెట్టింది. మూడుసార్లు. ఆయన చెయ్యి ఒడిలోంచి లేవలేదు. కళ్లు తెరిచి మా మొహాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"నలభై ఏళ్లు జనానికి మీకు కనపడటం లేదని చెప్పినవాణ్ణి. నాకు వినపడటం లేదని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. టీవీ తగ్గించమని అరుస్తారు, అంతే." డబ్బాల వైపు చూసి అడిగాడు, "ఇంతకీ వీటికి ఆ విలువ ఉందా, లేదా?"

"ధరలో సగం ఆ సన్న గొంతుకేనండీ. మా అమ్మాయి చెవికి ఆ విలువ ఉంది. దానికి కొనే శక్తి లేదు. మీకు శక్తి ఉంది, చెవి లేదు. ఎవరి చెవికీ ఆ విలువ లేదని ఇన్నాళ్లూ ఇంట్లో వాదించాను. అది తప్పు."

కంటి డాక్టరు నవ్వాడు గానీ కొనలేదు. వెళ్తూ బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. తలుపు మూసుకోగానే మేనేజరు బావ మీద విరుచుకుపడ్డాడు. ఎవరు ముట్టుకోమన్నారు, ఎవరు మార్చమన్నారు అంటూ. అప్పుడు పిల్ల, "మొదట తీగలు తప్పు కలిపింది నేను సార్. నాన్న దాన్నే సరిచేశారు" అంది. సోమవారం వచ్చి కలవమన్నాడు.

షోరూము వెనకవైపు సామాన్లు దించే చోట మెట్లున్నాయి. అక్కడికి వచ్చి నిలబడ్డాం. అది మా వెనకే వచ్చింది.

"మామయ్యకి తెలుసా?"

"తెలుసు" అన్నాడు బావ. అది నావైపు చూసిన చూపుకి నేను నా చెప్పులు చూసుకున్నాను.

"పోయినేడు నా డబ్బాలు విన్నావు కదా" అంది. మొదటి జీతాలు కూడబెట్టి, చెక్క తనే కోసి, తనే అతికించి ఒక చిన్న జత చేసింది. షాపుకి తెచ్చి బల్ల మీద పెట్టి ఆయనకి వినిపించింది. నాకంటే బాగా చేశావు అన్నాడు బావ. ఆ రోజు నేను లేను, ఏదో పని మీద బయటికెళ్లాను. "అప్పుడు వినపడిందా?"

"కింది గొంతు వినపడింది."

"పైది?"

"లేదు."

"మరి బాగున్నాయని ఎలా అన్నావు?"

"నీ మొహం చూసి అన్నానమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అంత మెల్లగా అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "అవి బాగాలేవు నాన్నా. పై గొంతు చెవుల్ని కోసేస్తుంది. మొదటి రోజే తెలిసింది నాకు. సరిచేద్దామని విప్పాను కూడా. నువ్వు బాగున్నాయన్నావని మళ్లీ బిగించేశాను. ఏడాది నుంచి అలాగే వింటున్నా. నా చెవిలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నా. ఇవాళ లోపల కూడా అదే అనుకున్నా."

మేనేజరు ముందు నిలబడ్డ మనిషి, కంటి డాక్టరు ముందు తడబడని మనిషి, ఆ మెట్ల మీద కూలబడ్డాడు. బావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

"నీ చెవికి ఏం కాలేదమ్మా" అన్నాడు. "నీది మంచి చెవి."

అది వచ్చి ఆయన పక్కన కూర్చుంది. అప్పటికి దానికీ కళ్లు నిండాయి.

"ఇది నిజమేనా? ఇది కూడా నా మొహం చూసి చెప్తున్నావా?"

బావ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మూసుకునే, మళ్లీ చెప్పాడు.